20 టైటిళ్లు గెలిచిన క్లబ్‌ని లీగ్‌లోంచి ఎలా తీసేశారు? (సౌత్ సిడ్నీ రాబిటోస్)

వెస్ట్‌మీడ్_వాసు
ఆఫీసులో సోమవారం వస్తే చాలు రగ్బీ లీగ్ కబుర్లే. ఇన్నాళ్లూ పెద్దగా పట్టించుకోలేదు. ఈమధ్య మావాడు స్కూల్లో ఫ్రెండ్స్‌ని చూసి రాబిటోస్ జెర్సీ కావాలని పట్టుబట్టాడు. సరే, ఈ క్లబ్ సంగతేంటో చూద్దామని కూర్చుంటే ఒక విషయం అస్సలు మింగుడుపడలేదు. 1908లో పుట్టిన క్లబ్. 1999 నాటికే 20 టైటిళ్లు, లీగ్‌లో ఇంకెవరికీ అన్ని లేవు. అలాంటి క్లబ్‌ని అదే లీగ్ బయటికి గెంటేసింది. రెండు సీజన్లు బయటే ఉంది, 2002లో మళ్లీ వచ్చింది. ఒక కొలీగ్ కోర్టులో గెలిచి వచ్చారంటాడు, ఇంకో కొలీగ్ కోర్టులో ఓడిపోయారంటాడు. ఏది నిజం? అసలు అంత చరిత్ర ఉన్నవాళ్లని తీసేయడానికి మనసెలా వచ్చింది? ఇక్కడ పాతకాపులు ఉన్నారు కదా, వివరంగా చెప్పండి.

పర్రమటా_పద్మ
వెస్ట్‌మీడ్‌లో ఉంటూ సౌత్స్ జెర్సీనా! ఇంటి పక్కనే మా పర్రమటా జట్టు ఈల్స్ ఉండగా అదేం పని వాసు గారూ. మావాళ్లు 1986 తర్వాత కప్పు ముట్టుకోలేదు, ఒక్క పిల్లాడు చేజారినా మాకు నష్టమే 😀

రెడ్‌ఫర్న్_రమణ
కోర్టు సంగతి మన లాయర్ గారు చెప్తారు. ముందు ఎందుకు తీసేశారో నేను చెప్తాను.

1995లో రూపర్ట్ మర్డాక్ న్యూస్ లిమిటెడ్ వాళ్లు పే టీవీ కోసం సొంత లీగ్ పెట్టారు, సూపర్ లీగ్ అని. పాత లీగ్ వెనక కెర్రీ ప్యాకర్ ఉన్నాడు. (అవును, క్రికెట్‌లో వరల్డ్ సిరీస్ పెట్టిన ప్యాకరే.) ఆటగాళ్లకి రాత్రికి రాత్రి డబ్బు గుమ్మరించి ఎవరికి వాళ్లు లాక్కున్నారు. 1997లో రెండు లీగులు పక్కపక్కనే నడిచాయి, మొత్తం 22 జట్లు. ఇద్దరూ చేతులు కాల్చుకుని చివరికి రాజీపడ్డారు. ఆ రాజీలో పెట్టుకున్న షరతే కొంప ముంచింది: 2000 సీజన్ నాటికి 14 జట్లే ఉండాలి.

1998లో 20, 1999లో 17, తర్వాత 14. ఎవరు పోవాలి? టికెట్ల రాబడి, జనం, స్పాన్సర్లు, గెలుపోటములు, వీటికి మార్కులు వేశారు. విలీనమైతే కొంత డబ్బిస్తామని ఎర కూడా వేశారు. సెయింట్ జార్జ్ ఇలవారాతో కలిసింది. బాల్మెయిన్, వెస్ట్స్ కలిసి వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. నార్త్స్, మ్యాన్లీ కలిశాయి. సౌత్స్ మాత్రం ఎవరితోనూ కలవనంది. చైర్మన్ జార్జ్ పిగ్గిన్స్, 1971లో కప్పు గెలిచిన జట్టులో ఆడినవాడు, ససేమిరా అన్నాడు. 1999 అక్టోబరులో పేరు కొట్టేశారు.

నేను ఏళ్ల తరబడి రెడ్‌ఫర్న్ స్టేషన్ దగ్గరే పనిచేస్తున్నాను. అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ అక్టోబరు గురించి ఇంట్లో మనిషి పోయినట్టే మాట్లాడతారు.

ఓరుగల్లు_కిరణ్
అన్నా, ఒక చిన్న డౌట్. రగ్బీ లీగ్ వేరు, రగ్బీ వేరా? నేను రెండూ ఒకటే అనుకుంటున్న.

రెడ్‌ఫర్న్_రమణ
వేరు కిరణ్. నువ్వు రగ్బీ అంటున్నది రగ్బీ యూనియన్. యూనియన్‌లో 15 మంది, లీగ్‌లో 13 మంది. లీగ్‌లో బంతి పట్టుకున్నవాణ్ణి పడగొడితే ఒక టాకిల్, ఆరు టాకిళ్లయ్యాక బంతి అవతలివాళ్లకి. మన కబడ్డీలో రైడర్‌ని నలుగురు చుట్టుముట్టి లాగేస్తారు చూడు, ఇక్కడ 80 నిమిషాలూ అదే పని, కాకపోతే చేతిలో బంతి ఉంటుంది.

గోదారి_గట్టు
ఈ ఆట పుట్టుకలోనే డబ్బు తగాదా ఉంది, అది కూడా చెప్పాలి. 1895లో ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్‌లో ఉత్తరాది క్లబ్బులు యూనియన్ నుంచి విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోతుంది, ఆ కూలి ఇవ్వండి అని అడిగితే యూనియన్ ఒప్పుకోలేదు. సిడ్నీలోనూ అదే కథ. ఆటలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, పోయిన జీతం ఎవరిస్తారన్న గొడవతోనే 1907లో ఇక్కడ లీగ్ మొదలైంది. క్రికెటర్ విక్టర్ ట్రంపర్ పేరు విన్నారుగా, లీగ్ పెట్టినవాళ్లలో ఆయనొకడు. తొలి మీటింగులు ఆయన స్పోర్ట్స్ షాపులోనే జరిగాయి.

1908 జనవరి 17న రెడ్‌ఫర్న్ టౌన్‌హాల్లో సౌత్స్ పుట్టింది. ఆ ఏడే తొలి టైటిల్, ఫైనల్లో ఈస్ట్స్ (ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్) మీద 14-12. కాయకష్టం చేసుకునేవాళ్ల కోసం పుట్టిన ఆటలో, కాయకష్టం చేసుకునేవాళ్ల పేటలోని క్లబ్‌ని రాబడి చాలలేదని తీసేశారు. నా బాధ అక్కడే.

సిరి_సిడ్నీ
ఈ రాబిటోస్ పేరెలా వచ్చిందో ఎవరైనా చెప్తారా? అంత గట్టి ఆటకి కుందేలు బొమ్మేంటని మా ఇంట్లో నవ్వుకుంటుంటారు.

రెడ్‌ఫర్న్_రమణ
పూర్వం ఈ పేటల్లో కుందేళ్లు పట్టి, వీధుల్లో కేకేస్తూ తిరిగి అమ్మేవాళ్లు. ఆటగాళ్లలో కొందరు ఆ బేరం చేసేవాళ్లని ఒక మాట. జెర్సీల మీద కుందేలు రక్తం మరకలుండేవని అవతలి జట్లు వెక్కిరించాయని ఇంకో మాట. ఏదైనా, ఆ వెక్కిరింపునే బిరుదుగా తగిలించుకున్నారు.

మార్కుల_మూర్తి
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నేను రెండో వైపు చెప్తాను. 1999 నాటికి సౌత్స్ ఆట ఎలా ఉంది? 1971 తర్వాత టైటిల్ లేదు. 1989లో పట్టికలో పైన నిలిచారు, మరుసటి ఏడే అట్టడుగు. ఆ తర్వాత 90లంతా అప్పులు, ఖాళీ స్టాండులు. సిడ్నీ ఒక్క ఊళ్లో అన్ని జట్లుంటే ఏ లీగ్ నడుస్తుంది? మెల్‌బోర్న్ 1998లో వచ్చి 1999లోనే కప్పు కొట్టింది. ఆట పెరగాలంటే ఎక్కడో ఒకచోట కత్తెర పడాలి. మా తాత జమీందారు అని చెప్పుకుంటే బ్యాంకు అప్పిస్తుందా?

గోదారి_గట్టు
మూర్తి గారూ, ఖాళీ స్టాండులు ఎందుకయ్యాయో కూడా చూడండి. 1967, 68, 70, 71, ఐదేళ్లలో నాలుగు కప్పులు గెలిచిన జట్టది. సరిగ్గా అప్పుడే క్లబ్ డబ్బు సమస్యల్లో పడింది. జాన్ ఓనీల్, రే బ్రానిగన్ మ్యాన్లీకి వెళ్లారు. రాన్ కూట్ పక్కనే ఉన్న ఈస్ట్స్‌కి వెళ్లాడు. సొంత పేటలో పెంచుకున్న ఆటగాళ్లని డబ్బున్నవాళ్లు పట్టుకుపోయారు. తర్వాత పాతికేళ్లు ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. తాత జమీందారు కాదు సార్, తాత సంపాదించింది పక్కింటివాళ్లు పట్టుకుపోయారు.

మార్కుల_మూర్తి
పట్టుకుపోవడం ఏంటండీ, జీతం ఎక్కువిచ్చారు, వెళ్లారు. ఆటగాడికి ఇల్లూ వాకిలీ ఉండవా? పైగా జీతం కోసమే ఈ ఆట పుట్టిందని ఇందాక మీరే రాశారు.

గోదారి_గట్టు
ఆటగాళ్లని నేనేమీ అనలేదు. లెక్కలు చూడకుండా క్లబ్‌ని అక్కడికి తెచ్చిన పెద్దల్ని అంటున్నాను.

కోర్టుపక్షి
వాసు గారూ, మీ కొలీగ్స్ ఇద్దరూ కరెక్టే.

సౌత్స్ వాదన ఇది: లీగ్ నడిపే ఇద్దరు పోటీదారులు కలిసి 14 జట్లే ఉండాలని ఒప్పందం చేసుకోవడం, కొందర్ని కావాలని బయట పెట్టడమే, వాణిజ్య పోటీ చట్టం దానికి ఒప్పుకోదు. 2000 నవంబరులో ఫెడరల్ కోర్టు జడ్జి జస్టిస్ ఫిన్ ఈ వాదన కొట్టేశారు. సౌత్స్ అప్పీలుకెళ్లింది. 2001 జులై 6న ఫుల్ ఫెడరల్ కోర్టులో 2-1 మెజారిటీతో గెలిచింది. 2002 సీజన్‌కి తిరిగి తీసుకున్నారు.

న్యూస్ లిమిటెడ్ హైకోర్టుకి వెళ్లింది. (ఇక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది, అంతకుపైన ఏమీ లేదు.) 2003 ఆగస్టులో హైకోర్టు మెజారిటీ తీర్పు సౌత్స్‌కి వ్యతిరేకంగా వచ్చింది. 14 జట్ల షరతు చట్టవిరుద్ధం కాదని తేల్చేసింది. అంటే చట్టం లెక్కలో సౌత్స్ చివరికి ఓడిపోయింది. అయినా మళ్లీ బయటికి పొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వెస్ట్‌మీడ్_వాసు
ఓడిపోయి కూడా ఉండిపోయారా! ఇది నేను ఎక్కడా చదవలేదు. ధైర్యం ఎందుకు లేకపోయింది?

యాన్జాక్_అంజి
ఎందుకో నేను కళ్లారా చూశాను. నేను 2000లో ఇక్కడికి చదువుకోడానికి వచ్చాను. సిటీలో జార్జ్ స్ట్రీట్ మీద ఒక కన్వీనియన్స్ స్టోర్లో పార్ట్‌టైమ్. ఒలింపిక్స్ అయిపోయి ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంటోంది. నవంబరు 12, ఆదివారం. జడ్జి ఫిన్ తీర్పు వచ్చి పది రోజులు కాలేదు. రెడ్‌ఫర్న్ వైపు నుంచి టౌన్‌హాల్‌కి జనం రావడం మొదలైంది. వస్తూనే ఉన్నారు. ఎర్ర రంగు, ఆకుపచ్చ రంగు. చక్రాల కుర్చీలో ముసలావిడ, ఒళ్లో మడతలు పడ్డ పాత జెండా. భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్న తండ్రులు. ఆశ్చర్యం ఏంటంటే వేరే జట్ల జెర్సీలు వేసుకున్నవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. మంచినీళ్ల సీసాలు అమ్మి అమ్మి ఫ్రిజ్ ఖాళీ అయింది. 80 వేల మంది అని మర్నాడు పేపర్లలో చూశాను. అంతకుముందు ఏడాది అక్టోబరులో కూడా 40 వేల మంది దాకా వచ్చారట.

ఆట అంటే ఏంటో నాకప్పుడు అస్సలు తెలియదు. మా ఓనరు లెబనీస్ ఆయన, క్యాంటర్‌బరీ జట్టు అభిమాని. షాపు గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ఇవాళ వాళ్లది, రేపు మాది అన్నాడు. అప్పటి నుంచే నేను ఈ ఆట చూడటం మొదలుపెట్టాను.

మార్కుల_మూర్తి
అంజి గారి పోస్టు బాగుంది. కానీ ఆ 80 వేల మంది ప్రతి వారం గేటు దగ్గర టికెట్ కొని ఉంటే ఊరేగింపు అవసరమే వచ్చేది కాదు కదా?

యాన్జాక్_అంజి
అది నిజమే, కాదనను. కానీ టికెట్ కొననివాడికి ప్రేమ లేదని మాత్రం ఒప్పుకోను. రెడ్‌ఫర్న్‌లో చాలామందికి ప్రతి వారం టికెట్ కొనే స్తోమత ఉండేది కాదు.

రెడ్‌ఫర్న్_రమణ
అంజి చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. రెడ్‌ఫర్న్ అంటే ఈవ్లీ రైల్వే వర్క్‌షాపుల్లో, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ల పేట. పల్లెల నుంచి వచ్చిన ఆదివాసీ కుటుంబాలు స్థిరపడ్డ పేట కూడా. వాళ్ల సొంత క్లబ్ రెడ్‌ఫర్న్ ఆల్ బ్లాక్స్ 1944లో పెట్టుకున్నారు. సౌత్స్‌కి ఆడిన ఆదివాసీ ఆటగాళ్ల పేర్లు ఎరిక్ సిమ్స్, నేథన్ మెరిట్, గ్రెగ్ ఇంగ్లిస్, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. సిమ్స్ అయితే ఫీల్డ్ గోల్స్ (ఆట నడుస్తుండగానే బంతిని స్తంభాల మధ్యకి తన్నడం) ఎంత అలవోకగా కొట్టేవాడంటే, 1971లో లీగ్ వాటి విలువ 2 పాయింట్ల నుంచి 1కి తగ్గించేసింది. ఒక్క మనిషి కాలు చూసి రూలు మార్చారు!

పాతబస్తీ_పాషా
ఇదంతా చదువుతుంటే నాకు డెక్కన్ చార్జర్స్ యాదికొస్తుంది. 2009ల ఐపీఎల్ కప్పు గెలిచింది మన టీమ్. 2012 సెప్టెంబరుల బీసీసీఐ రద్దు చేసింది. నెల తిరిగేసరికి సన్‌రైజర్స్ వచ్చింది. హైదరాబాద్‌ల ఒక్క ఊరేగింపు జరగలేదు. గిల్‌క్రిస్ట్ పోస్టర్ ఇంట్ల పెట్టుకున్న నేను కూడా మరుసటి ఏడు నారింజ రంగు జెర్సీ కొనుక్కున్న.

కోర్టుపక్షి
పాషా భాయ్, ఆ కేసు కూడా చాలా దూరం వెళ్లింది. 2020లో ఆర్బిట్రేటర్ చార్జర్స్ ఓనర్లకి బీసీసీఐ 4,800 కోట్ల పైనే ఇవ్వాలన్నారు. 2021లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. కానీ తేడా చూడండి, అక్కడ అంతా ఓనరుకి, బోర్డుకి మధ్యే. అభిమాని అందులో ఎక్కడా లేడు. సౌత్స్‌లో ఓటు హక్కున్న సభ్యులుండేవాళ్లు, క్లబ్ వాళ్లది.

ఓరుగల్లు_కిరణ్
నాలుగేండ్ల టీమ్‌కీ తొంభై ఏండ్ల క్లబ్‌కీ పోలిక పెడితే ఎట్ల పాషా భాయ్. తాతలు చూసిన జట్టు కాదు గదా అది.

పాతబస్తీ_పాషా
అదే అంటున్న. తాతలు చూడాలంటే ముందు ఉండనియ్యాలె గదా.

సిరి_సిడ్నీ
సభ్యులది అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మరి 2006లో అమ్మేసుకున్నారు కదా? హాలీవుడ్ నటుడు రస్సెల్ క్రో కొన్నాడని నాకు తెలుసు.

కోర్టుపక్షి
అవును, కానీ ఓటుతోనే. 2006 మార్చి 19న సభ్యుల మీటింగ్. రస్సెల్ క్రో, పీటర్ హోమ్స్ ఎ కోర్ట్ కలిసి 30 లక్షల డాలర్లకి 75 శాతం వాటా కొంటామన్నారు. పాస్ కావాలంటే 75 శాతం ఓట్లు పడాలి. పడినవి 75.8. మిగతా పావు వాటా సభ్యుల దగ్గరే ఉండిపోయింది.

గోదారి_గట్టు
ఆ అమ్మకాన్ని పిగ్గిన్స్ వ్యతిరేకించాడు. ఏ క్లబ్ కోసం కోర్టుల చుట్టూ తిరిగాడో అదే క్లబ్ మీటింగులో ఓడిపోయాడు. నాకు ఇప్పటికీ ఆయన వైపే మనసు లాగుతుంది. వీధుల్లో నడిచి కాపాడుకున్నదాన్ని నాలుగేళ్లలో అమ్ముకోవడం ఏంటి?

రెడ్‌ఫర్న్_రమణ
గట్టు గారూ, ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను. తిరిగొచ్చాక 2003, 2004 రెండేళ్లూ అట్టడుగే. జీతాలకి దిక్కులేని పరిస్థితి. ప్రేమతో జట్టు బతుకుతుంది కానీ గెలవదు. క్రో కూడా డబ్బున్న కొత్తవాడేం కాదు, చిన్నప్పటి నుంచి సౌత్స్ మనిషే. క్లబ్ బయట ఉన్నప్పుడు నిధుల కోసం వేలం పెడితే, 1908లో ఆస్ట్రేలియాలో తొలి లీగ్ మ్యాచ్ మొదలుపెట్టడానికి మోగించిన ఇత్తడి గంటని 42 వేల డాలర్లకి పాడుకున్నాడు. 2006లోనూ అట్టడుగే, 2007లో 1989 తర్వాత తొలిసారి ఫైనల్స్‌కి, అంటే సీజన్ చివరి నాకౌట్ దశకి వెళ్లారు. 2014లో ఏం జరిగిందో అందరికీ తెలుసు.

ఓరుగల్లు_కిరణ్
నాకు తెల్వదు అన్నా 😀 చెప్పు.

రెడ్‌ఫర్న్_రమణ
అది చెప్పాలంటే 1970 నుంచి మొదలుపెట్టాలి.

1970 గ్రాండ్ ఫైనల్, మ్యాన్లీ మీద. ఆట మొదలైన కాసేపటికే సౌత్స్ కెప్టెన్ జాన్ శాట్లర్ దవడ మీద గుద్దు పడింది. దవడ విరిగింది. పక్కనున్న మైక్ క్లియరీతో, నన్ను లేపి పట్టుకో, దెబ్బ తగిలిందని వాళ్లకి తెలియకూడదు అన్నాడు. విరిగిన దవడతో ఆట మొత్తం ఆడాడు. సౌత్స్ 23-12 తో గెలిచింది. కప్పు తీసుకుని, ప్రసంగం కూడా చేసి, అప్పుడు ఆస్పత్రికి వెళ్లాడు.

2014 గ్రాండ్ ఫైనల్, అక్టోబరు 5, క్యాంటర్‌బరీ మీద. తొలి టాకిల్‌లోనే సౌత్స్ ఆటగాడు శామ్ బర్జెస్ చెంప ఎముక విరిగింది. ఢీకొట్టిన జేమ్స్ గ్రాహమ్ కూడా అతనిలాగే ఇంగ్లండ్ వాడు. కన్ను వాచిపోయి మూసుకుపోయింది. బర్జెస్ దిగలేదు, 80 నిమిషాలూ ఆడాడు. 30-6. చివర్లో గ్రెగ్ ఇంగ్లిస్ ట్రై కొట్టి (గీత దాటి బంతిని నేలకి ఆనించి) ఉడుములా నేల మీద పాకాడు. 43 ఏళ్ల తర్వాత వచ్చిన కప్పు, 21వది. మ్యాచ్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ బర్జెస్‌కే. ఆ చర్చిల్ కూడా సౌత్స్ వాడే.

యాన్జాక్_అంజి
క్లైవ్ చర్చిల్ పేరొచ్చింది కాబట్టి 1955 చెప్పకపోతే అన్యాయం. ఆ ఏడు సౌత్స్ మొదట్లో చిత్తుగా ఓడుతోంది. ఇంకొక్కటి ఓడినా ఇంటికే అన్న స్థితి నుంచి వరుసగా గెలుస్తూ వెళ్లి కప్పు కొట్టారు. మధ్యలో మ్యాన్లీతో మ్యాచ్‌లో చర్చిల్ చెయ్యి విరిగింది. నోటు పుస్తకం అట్ట చించి చేతికి దబ్బగా కట్టారు. ఆ చేత్తోనే ఆడి, చివర్లో టచ్‌లైన్ దగ్గర నుంచి గోల్ కొట్టి గెలిపించాడు. తర్వాత 1967 నుంచి 71 వరకు గెలిచిన నాలుగు కప్పులకీ కోచ్ ఆయనే.

పర్రమటా_పద్మ
ఒకడికి దవడ, ఒకడికి చెంప, ఒకడికి చెయ్యి. వాసు గారూ, జెర్సీతో పాటు మెడికల్ ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి.

మార్కుల_మూర్తి
విరిగిన ఎముకతో ఆడటాన్ని మనం ఇంతగా పొగుడుతున్నామే, ఇప్పుడైతే డాక్టర్లు ఊరుకుంటారా? ఊరుకోకూడదు కూడా. పిల్లలకి ఆ కథ చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి. నా కొడుకు జూనియర్స్‌లో ఆడేవాడు. తలకి దెబ్బ తగిలినా చెప్పకుండా దాచాడు, రెండు రోజులు వాంతులు చేసుకుంటే గానీ మాకు తెలియలేదు.

రెడ్‌ఫర్న్_రమణ
నిజం మూర్తి గారూ. ఆ మాట వేరే పోస్టుగా పైన పిన్ చేయాల్సింది.

డాలస్_ప్రసాద్
2024 మార్చిలో లాస్ వేగస్‌లో సౌత్స్, మ్యాన్లీ మ్యాచ్ చూశాను. సిడ్నీ నుంచి వచ్చిన కజిన్ బలవంతం మీద వెళ్లాను. సౌత్స్ 36-24 తేడాతో ఓడింది. నా పక్క సీట్లో రెడ్‌ఫర్న్ పెద్దాయన, ఓడిపోయాక కూడా లేవలేదు, పాట పాడుతూనే ఉన్నాడు. టీవీలో కనిపించనిది ఒకటుంది. ఆ ఒళ్లూ ఒళ్లూ తగిలే చప్పుడు మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది.

సిరి_సిడ్నీ
ఆడమ్ రెనాల్డ్స్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? అది నా గుండెలో ముల్లు. రెడ్‌ఫర్న్‌లో పెరిగిన పిల్లాడు, క్లబ్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసినవాడు. వయసైపోతోందని ఒక్క ఏడాదికే కాంట్రాక్టు ఇస్తామన్నారు. 2021 గ్రాండ్ ఫైనల్లో పెన్‌రిత్ చేతిలో 14-12తో ఓడిపోయి బ్రిస్బేన్ వెళ్లిపోయాడు. 2025లో అదే రెనాల్డ్స్ కెప్టెన్‌గా బ్రిస్బేన్ కప్పు గెలిచింది. సంతోషమేసింది, కడుపులో మంట కూడా.

గోదారి_గట్టు
అందుకే నేను అమ్మకం గురించి బాధపడేది. లెక్కల పుస్తకం చేతికొస్తే సొంత పేట పిల్లాడు కూడా ఒక గీత అయిపోతాడు.

రెడ్‌ఫర్న్_రమణ
కూట్ వెళ్లినప్పుడు క్లబ్ సభ్యులదే గట్టు గారూ.

గోదారి_గట్టు
... ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. రాత్రికి ఆలోచించి జవాబిస్తాను.

బాల్మెయిన్_బుజ్జి
ఆలస్యంగా వచ్చాను. మా ఓనరు బాల్మెయిన్ పాత అభిమాని, ఇరవయ్యేళ్లుగా ఆయన దగ్గర వింటున్నాను, కాబట్టి ఆయన తరఫున ఒక అభ్యంతరం. సౌత్స్ 20 టైటిళ్లు అని తెగ రాస్తున్నారు. అందులో 1909ది ఆడకుండా గెలిచినది. ఫైనల్‌ని వేరే మ్యాచ్‌కి ముందు జరిగే ఆటగా పెట్టారని, అది అవమానమని బాల్మెయిన్ ఆడనంది. సౌత్స్ కూడా ఆడమని మాటిచ్చారని, తర్వాత మాట తప్పి మైదానంలోకి దిగారని మావాళ్లు అంటారు. ఎదురు జట్టు లేకుండా బంతి తన్నుకుని కప్పు పట్టుకుపోయారు.

రెడ్‌ఫర్న్_రమణ
అలాంటి మాటేదీ ఇవ్వలేదని సౌత్స్ వాళ్లు మొదటి నుంచీ చెప్తున్నారు బుజ్జి. పిలిచిన ఆటకి రానిది బాల్మెయిన్. పైగా 1925లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా సీజన్ ముగించిన జట్టిది, అక్కడి నుంచి 1932 వరకు ఎనిమిదేళ్లలో ఏడు కప్పులు. ఆ ఒక్క 1909 మీద బతకాల్సిన అవసరం లేదు.

బాల్మెయిన్_బుజ్జి
మాటిచ్చారా లేదా అన్నది పైవాడికే తెలియాలి. మావాళ్లు మాత్రం బాకీ తీర్చుకున్నారు. 1916, 1924, 1939, 1969, నాలుగు ఫైనల్స్, నాలుగింటిలోనూ ఎదుట సౌత్సే, నాలుగూ బాల్మెయిన్‌వే.

రెడ్‌ఫర్న్_రమణ
1969 మాత్రం ఎత్తకు. దెబ్బలు తగిలినట్టు మాటిమాటికీ నేల మీద పడుకుని మా ఊపు ఆపారు.

బాల్మెయిన్_బుజ్జి
11-2 అన్నా. పడుకుని 11 పాయింట్లు ఎట్లా వస్తాయి?